సిమ్యులేటర్‌ల పాస్ అయిండని బాపుకు కారు ఇయ్యొచ్చా? గ్లకోమా ఉంది, పక్క చూపు తగ్గింది

హన్మకొండ_పెద్దోడు

అందరికి నమస్తే. పోస్ట్ జర పెద్దగయితది, ఓపిక చేసుకొని చదువుండ్రి, ఇంట్ల వారం రోజుల సంది ఇదే లొల్లి.

మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు. మా బాపుకు 62 ఏండ్లు. స్టీరింగ్ పట్టి 30 ఏండ్లు దాటింది, ఇప్పటిదాక ఎవ్వరికి గీత కూడ పడనియ్యలే. ఊరు పరకాల అవతల, అక్కడ మూడెకరాల పత్తి ఉంది, వారానికి రెండుసార్లు తనే కారు తీసుకొని పొద్దుగాల పోయి మాపటికి వస్తడు. పోయినేడు కండ్ల పరీక్షల గ్లకోమా అని తేలింది, మా దిక్కు నీటికాసులు అంటరు. రెండు కండ్లల్ల ఉంది, ఎడమ కంట్ల ఎక్కువ. చుక్కలు టైముకు వేస్తున్నం. నాకు అర్థం కాంది ఏందంటే బోర్డు మీద అక్షరాలు చదవమంటే దాదాపు అన్నీ చదువుతడు, చిట్టీ మీద 6/9 అని రాసిండ్రు, పొద్దుగాల పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక వదలడు. కని ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టుపక్కల చూపు కొలిచే పరీక్ష, ఆ కాగితం మీద మాత్రం నల్లగ ఉన్న జాగలే ఎక్కువ.

ఇంట్ల జరిగేది చెప్త. అన్నం తినేటప్పుడు నీళ్ళ గ్లాసు ఎడమ దిక్కు ఉంటే చెయ్యి తాకి ఒలికిపోతది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. మా అమ్మ ఎవ్వరికి ఏం చెప్పకుంట గ్లాసు కుడి దిక్కు పెట్టుడు మొదలువెట్టింది, పచ్చడి గిన్నె కూడ కుడి దిక్కే. అది నా కండ్లవడ్డ రోజు నాకు అన్నం లోపలికి పోలే.

ఇగ అసలు సంగతి. పోయిన నెల బాపు నడుపుతుండు, నేను పక్క సీట్ల కూసున్న. మా ఊరి బడి కాడ ఎడమ దిక్కు సందుల నుంచి ఒక పోరడు సైకిల్ మీద వస్తుండు, నాకు మస్తు దూరం నుంచే కనవడ్తుండు, బాపు ఇప్పుడు స్లో చేస్తడు ఇప్పుడు స్లో చేస్తడు అని చూస్తున్న, బండి స్పీడు తగ్గలే. నేను ఒర్లిన. బ్రేక్ కొట్టిండు, పోరడు బంపర్‌కు మూరెడు దూరంల బతికిండు. బాపు అన్న మాట ఇంకా నా చెవుల్ల ఉంది, "వీడు ఎక్కడికెళ్ళి ఊడిపడ్డడురా?" వాడు ఎక్కడికెళ్ళి ఊడిపడలే, రోడ్డు మీదనే ఉండె.

లైసెన్స్ ఈ మధ్యనే రెన్యువల్ అయింది. ఫారం 1ఏ, అంటే లైసెన్స్ కోసం డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్, దాని మీద సంతకం పెట్టిన డాక్టర్ బోర్డు చదివిచ్చి పంపిండు, పక్క చూపు సంగతి అడగలే, మేము కూడ గ్లకోమా ఉందని చెప్పలే, ఆ తప్పు మాదే. ఇప్పుడు నేను కారు వద్దంటే మా చిన్నాయిన కొడుకు బాపును ఒక డ్రైవింగ్ స్కూల్‌కు తీస్కపోయిండు, అక్కడ సిమ్యులేటర్ ఉందట. ముందట ఒక టీవీ, స్టీరింగ్, పెడల్స్. 20 నిమిషాలు నడిపిండు, దేనికీ గుద్దలే, వాళ్ళు స్కోర్ ప్రింట్ తీసి చేతిల పెట్టి "అంకుల్ ఫుల్ ఫిట్" అన్నరట. బాపు ఆ కాగితం ఆర్సీతోని కలిపి డ్యాష్‌బోర్డుల పెట్టుకున్నడు, నేను నోరు తెరిస్తే చాలు తీసి చూపిస్తడు.

నేను ఆయనను గుంజి ఇంట్ల కూసోబెట్టాలనుకుంటలేను. నిజంగ ఫిట్ అయితే నడపనీ. కని ఆ సిమ్యులేటర్‌ల పాస్ అయితే నిజంగ రోడ్డు మీద ఫిట్ అయినట్టేనా? కండ్లు సరిగ్గ లేనోళ్ళను సిమ్యులేటర్ మీద పరీక్ష చేసే పద్ధతి ఎక్కడన్న ఉందా, ఉంటే ఎట్ల చేస్తరు? తెలిసినోళ్ళు చెప్పుండ్రి.

కంటిపని_వరంగల్

అన్నా, నేను ఆప్టోమెట్రిస్ట్‌ను, వరంగల్‌లనే పని చేస్త. ముందు ఒక మాట, మీ బాపు అబద్ధం చెప్తలేడు. "ఊడిపడ్డడు" అన్నడు చూడు, గ్లకోమా ఉన్నోళ్ళు నా ముందట కూసొని సరిగ్గ గదే మాట అంటరు. చూపు పోయిన కాడ నల్లమచ్చ కనవడదు. చుట్టుపక్కల ఉన్న రోడ్డునో చెట్లనో తీసుకొని మెదడే ఆ ఖాళీని నింపేస్తది, అందుకే ఆ పోరడు ఉన్న జాగల మీ బాపుకు ఉత్త రోడ్డే కనవడ్డది. తనకు ఏదో కనవడ్తలేదన్న సంగతి మనిషికి తెలిసే మార్గమే ఉండదు, ఈ రోగంతోని అసలు కష్టం అదే.

6/9 సంగతి. బోర్డు చదివేది కంటి నడుమ ఉన్న చిన్న జాగ. గ్లకోమా సాధారణంగ దాన్ని ఆఖరికి ముట్టుకుంటది. అందుకే పేపరు చదువుతడు, గ్లాసు కనవడదు.

రెండు కండ్లున్నయ్ కద, ఒకటి పోతే ఇంకోటి చూస్తది అనుకుంటరు. ఎడమ దిక్కు ఉన్న వస్తువును రెండు కండ్లూ చూస్తయ్, ఎడమ కన్ను బయటి దిక్కు నుంచి, కుడి కన్ను ముక్కు దిక్కు నుంచి. గ్లకోమాల తొలుత దెబ్బ తినేది ఎక్కువగ ముక్కు దిక్కు చూపే. నువ్వు చెప్పినట్టు ఎడమ కన్ను బాగ పోయి, కుడి కంట్ల ముక్కు దిక్కు కూడ పోయిందనుకో, ఇగ ఎడమ పక్కకు కాపలా ఎవ్వరూ లేరు. మన దేశంల సైకిలోళ్ళు, నడిచేటోళ్ళు, బర్రెలు, బడి పిల్లలు అందరూ ఉండేది రోడ్డుకు ఎడమ అంచునే.

మీ దగ్గరున్న ఫీల్డ్ టెస్ట్ కాగితం మీద 24-2 అని ఉందేమో చూడు. అది ఒక్కో కన్ను మూసి, నడుమ నుంచి దాదాపు 24 డిగ్రీల దాకనే చూసే పరీక్ష, రోగం ముదురుతుందా ఆగిందా అని తెల్సుకునేందుకు. డ్రైవింగ్ కోసం రెండు కండ్లు తెరిచి చేసేది వేరే ఉంది, ఎస్టర్‌మన్ టెస్ట్ అంటరు. అదే మిషన్ మీద చేస్తరు, 120 వెలుగు చుక్కలు చూపిస్తరు, అడ్డంగ 150 డిగ్రీల దాక పోతది. బ్రిటన్‌ల కారు లైసెన్స్‌కు అడ్డంగ కనీసం 120 డిగ్రీలు కనవడాలె, అందుల ఎడమకు 50, కుడికి 50 తప్పకుంట ఉండాలె, నడుమ 20 డిగ్రీలల్ల పెద్ద మచ్చ ఉండొద్దు. యూరప్ రూల్స్ కూడ దాదాపు గట్లనే.

మన దగ్గర ఫారం 1ఏ అడిగేది చూడు, మంచి పగటి వెలుతురుల 25 మీటర్ల దూరంల కారు నంబర్ ప్లేటు గుర్తుపడ్తడా, రేచీకటి ఉందా, గిట్లాంటివి. పక్క చూపు ఎన్ని డిగ్రీలు అని అడగదు. ఆ 25 మీటర్లు ఎంతనో లెక్క చెప్త, 60 స్పీడ్ మీద బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతది, కంటికి కనవడి కాలు బ్రేక్ మీదికి పొయ్యే ఒకటిన్నర సెకన్లల్లనే 25 మీటర్లు అయిపోతయ్. బండి ఆగుడు ఆ తర్వాతి ముచ్చట. ఇంకొకటి, 55 దాటినోళ్ళకు రెన్యువల్ 5 ఏండ్లకు ఇస్తరు. గ్లకోమా 5 ఏండ్లు ఒకే తీరుగ కూసుండే రోగం కాదన్నా.

ఎస్టర్‌మన్ చేసే సెంటర్‌కు తీస్కపో, గ్లకోమా చూసే డాక్టర్‌ను డ్రైవింగ్ గురించే సూటిగ అడుగు. అప్పటిదాక తాళాలు నీ దగ్గర పెట్టుకో.

వేములవాడ_రైడర్

నేను ఒప్పుకోను అన్నా. మా మేనమామకు చిన్నప్పుడే ఒక కన్ను పోయింది, 20 ఏండ్ల సంది ట్రాక్టర్, కారు రెండూ నడుపుతుండు, ఒక్క కేసు లేదు. ఊర్లల్ల పెద్దమనిషికి బండి తీసేస్తే ఏమైతదో మీకు తెల్వదు. మా తాతకు గట్లనే తీసేస్తే ఆర్నెల్లల్ల మంచం పట్టిండు. పొలం కాడికి పోవాలంటే ఒకన్ని అడుక్కోవాలె, పెండ్లికి పోవాలంటే ఒకన్ని అడుక్కోవాలె. ఒకసారి సైకిల్ పోరడు అడ్డమొచ్చిండని మనిషి రెక్కలు కత్తిరిస్తరా? సిమ్యులేటర్‌ల ఎక్కడా గుద్దలేదు కద, ఇంకేం సాక్ష్యం కావాలె?

కంటిపని_వరంగల్

తమ్మీ, తాత సంగతి నువ్వు చెప్పింది నిజం, బండి తీసేసి ఊకుంటే మనిషి కుంగిపోతడు, నేను కూడ చూసిన. కని మీ మామ కథ వేరు. ఒక్క కన్ను బాగుంటే దానితోనే అడ్డంగ 150 డిగ్రీల దాక చూడొచ్చు, రెండు కండ్లతోని 180 దాక. పొయ్యేది ఒక పక్క అంచు మాత్రమే. అది కూడ చిన్నప్పుడే పోయింది కాబట్టి మెడ తిప్పి చూసుడు ఆయనకు అలవాటైపోయింది, ఆ కన్ను లేదన్న సంగతి కూడ ఆయనకు తెలుసు. ఇక్కడ రెండు కండ్లల్ల పక్క చూపు పోతుంది, మెల్లగ, తెల్వకుంట, ఇంకా పోతనే ఉంది. ఒంటి కన్నుతోని దీన్ని పోల్చకు. సిమ్యులేటర్ మీద ఎవరన్న పని చేసినోళ్ళు ఉంటే చెప్పుండ్రి, ఆ టీవీ పరీక్ష నాకు అస్సలు నచ్చలే.

మంచిర్యాల_టు_హైదరాబాద్

నేను రెండేండ్లు ఒక డ్రైవింగ్ సిమ్యులేటర్ ల్యాబ్‌ల పని చేసిన, సీన్లు తయారు చేసేది, మనుషులను కూసోబెట్టి డేటా తీసేది. కండ్ల డాక్టర్‌ను కాదు, మిషన్ సంగతి మాత్రం చెప్పగల్గుత.

ముందు ఆ టీవీ లెక్క చేద్దాం. 32 ఇంచుల టీవీ వెడల్పు 70 సెంటీమీటర్ల చిల్లర. మనిషి మీటరు దూరంల కూసుంటే కంటికి అది అడ్డంగ 40 డిగ్రీలు కూడ రాదు, అంటే ఎడమకు 20, కుడికి 20, గంతే. పైన అక్క చెప్పిన రూల్ చూడు, ఎడమకు 50 కావాలె. మీ బాపుకు చూపు లేని జాగల చానా భాగం ఆ టీవీ అంచు దాటిన తర్వాతనే ఉంది, పోరడు సైకిల్ తొక్కుకుంట వచ్చిన సందు కూడ ఆ అంచు అవతలనే. అంటే ఆయనకు ఏది కనవడదో అది ఆ పరీక్షల అడగనే లేదు, అడగని ప్రశ్నకు ఫెయిల్ ఎట్లయితడు? అందుకే ఆ స్కోర్‌ను నేను లెక్కల వెయ్య. ఆయన 30 ఏండ్ల డ్రైవర్, లేన్‌ల పెట్టుడు, గేరు, క్లచ్, మలుపు ఇవన్నీ చేతులకు వచ్చు, ఆ స్కోర్ చేతులకు వచ్చింది, కండ్లకు కాదు.

కండ్ల కోసం చేసే సిమ్యులేటర్‌ల ముందట, రెండు పక్కల స్క్రీన్లు ఉంటయ్, మనిషి చుట్టూ 180 డిగ్రీలకు పైన. అమెరికాల బోస్టన్‌ల షెపెన్స్ ఐ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ ఎలై పెలీ, అలెక్స్ బవర్స్ వాళ్ళ టీమ్ మెదడు దెబ్బతిని సగం చూపు పోయినోళ్ళ మీద 2009ల ఒక స్టడీ వేసిండ్రు. పద్ధతి మస్తు సింపుల్, నడుపుతుంటే రోడ్డు పక్కన అప్పుడప్పుడు మనిషి బొమ్మ కనవడ్తది, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, ఎప్పుడు వస్తదో తెల్వదు, కనవడంగనే హారన్ కొట్టాలె. ఎన్ని దొరకవట్టిండు, ఎంతసేపటికి హారన్ కొట్టిండు, ఏ పక్క ఎన్ని తప్పిపోయినయ్, గిదే లెక్క. చూపు లేని పక్క చానా తప్పిపోయినయ్, కని అందరికీ ఒక తీరుగ కాదు, కొందరు దాదాపు ఒక్కటి కూడ చూడలే, కొందరు దాదాపు అన్నీ చూసిండ్రు. ఫీల్డ్ టెస్ట్ కాగితం చూస్తే అందరిదీ సగం నలుపే, రోడ్డు మీదికొచ్చేసరికి మనిషి మనిషికి ఇంత తేడా. జర్మనీల ట్యూబింగెన్ వాళ్ళు 2014ల నిజం రోడ్డు మీద ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూసోబెట్టి గ్లకోమా వాళ్ళను కూడ పరీక్ష చేసిండ్రు, అందుల కొందరు పాస్, కొందరు ఫెయిల్, పాసైనోళ్ళు తల, కండ్లు పక్కలకు ఎక్కువ తిప్పిండ్రని ఆ కదలికలు కొలిచే ట్రాకర్ల తేలింది. సిమ్యులేటర్ పనికొచ్చేది ఇట్లాంటి కాడ, ప్రాణం పోకుంట ఒకే ప్రమాదాన్ని పది మందికి సరిగ్గ ఒకే తీరుగ చూపెట్టొచ్చు. నిజం రోడ్డు మీద పోరడు సందుల నుంచి ఎప్పుడు రావాలెనో మనం చెప్పలేం.

స్వీడన్ సంగతి కూడ చెప్పాలె. అక్కడ పక్క చూపు లేదని లైసెన్స్ తీసేసినోళ్ళ కోసం లింకోపింగ్‌ల వీటీఐ అనే సర్కారు రోడ్డు పరిశోధన సంస్థ పెద్ద సిమ్యులేటర్ మీద పరీక్ష పెట్టింది, ఆ రిజల్ట్ చూసి మినహాయింపు ఇయ్యొచ్చా లేదా అని అక్కడి ట్రాన్స్‌పోర్ట్ శాఖ ఆలోచించింది. మన దేశంల 2021ల వచ్చిన రూల్స్ ప్రకారం గుర్తింపు ఉన్న డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లల్ల సిమ్యులేటర్ ఉండాలె, కని అది నేర్పనీకె, కండ్లు తూచనీకె కాదు.

మిషన్‌కు చేత కానివి కూడ ఉన్నయ్. రాత్రిపూట ఎదురుంగ లారీ హైబీమ్ కొడితే కండ్లు చెదురుతయ్ కద, ఏ ప్రొజెక్టర్ కూడ అంత వెలుగు ఇయ్యలేదు. స్క్రీన్ క్లారిటీ తక్కువుంటే దూరం బోర్డు చదవలేకపోయింది కండ్లతోనా స్క్రీన్‌తోనా తెల్వదు. పెద్ద వయసోళ్ళకు చానమందికి కడుపుల తిప్పుతది, వాంతికి వస్తది, అట్ల మధ్యలనే దిగిపోయినోళ్ళను నేను కండ్లార చూసిన, వాళ్ళను ఫెయిల్ అనలేం, పాస్ అనలేం. ముందు కొద్దిసేపు ఉత్తగ నడిపి అలవాటు చేపియ్యకుంటే ఆ నంబర్లకు ఇలువ లేదు. సీన్ కూడ మనది కావాలె. ఎక్కడివో ఖాళీ రోడ్లు పెట్టి మన డ్రైవర్‌ను చూస్తే ఏం తెలుస్తది, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకొని ట్రాక్టర్ రాంగ్ రూట్ల వచ్చేది, దాని ఎనక నుంచి మనిషి ఉరికొచ్చేది ఉండాలె.

హన్మకొండ_పెద్దోడు

అన్నా మస్తు థ్యాంక్స్, టీవీ డిగ్రీల లెక్క బాపుకు చెప్పిన. ఇని ఊకున్నడు కని నమ్మలే, "నాకు అంతా కనవడ్తుందిరా" అంటడు. స్వీడన్‌ల సిమ్యులేటర్ పెట్టి చూసినట్టు, బ్రిటన్‌ల కూడ గ్లకోమా వాళ్ళకు ఇంకో ఛాన్స్ ఇస్తరా?

కంటిపని_వరంగల్

బ్రిటన్‌ల ప్రత్యేకంగ చూసే దారి ఉంది, కని దానికి షరతులున్నయ్. చూపు పోయి కనీసం 12 నెలలు కావాలె, ఒక్కసారి జరిగిన దెబ్బతోనో, ముదరని రోగంతోనో పోయిందయ్యుండాలె, ఇంకా ముదిరే రోగం ఉండొద్దు, మనిషి దానికి పూర్తిగ అలవాటు పడ్డడని డాక్టర్ చెప్పాలె, ఆ తర్వాత రోడ్డు మీద నడిపిచ్చి చూస్తరు. పక్షవాతంతోని చూపు పోయినోళ్ళకు ఆ దారి సరిపోతది. గ్లకోమా ముదిరే రోగం కాబట్టి సాధారణంగ ఆ దారిల రాదు. ఎంత మంచి సిమ్యులేటరైనా చెప్పేది ఆ రోజు సంగతే అన్నా, ఆర్నెల్ల తర్వాత మీ బాపు చూపు ఎట్లుంటదో అది చెప్పలేదు.

కరీంనగర్_సగంచూపు

నేను సాధారణంగ చదివి పోతుంట, ఈ పోస్ట్ చూసి ఆగలేకపోయిన. నాకు 2019ల పక్షవాతం వచ్చింది. కాలుచేతులు మంచిగైనయ్, కని రెండు కండ్లల్ల ఎడమ సగం పోయింది. తొలుత నేను కూడ ఎడమ కన్ను చెడిపోయిందనుకున్న, ఎడమ కన్ను మూసినా కుడి కంటికి కూడ ఎడమ దిక్కు లేదని తెల్సుడుకు నెల పట్టింది. గోడ మీద గడియారం చూస్తే 12 నుంచి 6 దాక ఉంటది, 9 ఉండదు.

నేను కూడ మీ బాపు లెక్కనే కొట్లాడిన. నా భార్యతోని, తమ్మునితోని, డాక్టర్‌తోని. మూడు స్క్రీన్లు ఉన్న సిమ్యులేటర్ మీద నన్ను ఒక ఫిజియోథెరపీ సెంటర్‌ల కూసోబెట్టిండ్రు, లైసెన్స్ కోసం కాదు, ఉత్తగ చూద్దామని. నడిపిన, మంచిగనే నడిపిన అనుకున్న, ఒక్క కాడ గుద్దలే. దిగినంక నవ్వుకుంట అడిగిన, ఎట్లుందని. ఆ పిల్ల ఏం మాట్లాడలే, రికార్డింగ్ పెట్టింది. ఒక జంక్షన్ కాడ ఎడమ దిక్కు ఒక ఆడమనిషి పిల్లను ఎత్తుకొని రోడ్డు దాటుతుంది. నేను బండి స్లో చెయ్యలే. ఆమె ఎనుకకు జరిగింది కాబట్టి గుద్దలే, మిషన్ల ప్రోగ్రామే గట్ల ఉంది, బండి దగ్గరికొస్తే బొమ్మ ఎనుకకు జరుగుతదట. రికార్డింగ్‌ల ఆమె ఎంత పెద్దగ కనవడ్తుందో, పిల్ల అంగి రంగు కూడ కనవడ్తుంది. నడిపేటప్పుడు ఆ రోడ్డు నాకు ఖాళీగ ఉండె. నేను ఆ వీడియో మళ్ళ పెట్టమన్న, మళ్ళ పెట్టమన్న. అంతకుముందు ఎవ్వరు చెప్పినా "నీకు కనవడదు" అన్నట్టు ఇనవడేది, తిట్టినట్టు ఉండేది. వీడియో ఎవ్వర్నీ తిట్టలే.

అన్నా, మీ బాపుకు స్కోర్ కాగితం చూపెట్టకు, లెక్కలు చెప్పకు. కారుకు డ్యాష్‌క్యామ్ పెట్టు. నువ్వు నడుపు, ఆయనను పక్క సీట్ల కూసోబెట్టు, రోడ్డు మీద కనవడ్డ మనుషులను, బండ్లను నోటితోని చెప్పమను, ఆ మాటలు కూడ రికార్డ్ అయితయ్. ఇంటికొచ్చి ఇద్దరు కూసొని చూడుండ్రి. ఇది పరీక్ష కాదు, ఫిట్ అన్‌ఫిట్ అని దీనితోని తేల్చొద్దు. కని తనకు కనవడనిది తను చూసేందుకు నాకు తెలిసి ఇంకో దారి లేదు.

మంచిర్యాల_టు_హైదరాబాద్

చానా మంచి ఐడియా అన్నా. ఒక్కటే చెప్త, క్యామ్ వెడల్పు ఎక్కువ చూపేది పెట్టు, 140 డిగ్రీలకు తక్కువ కాకుంట, లేకపోతే టీవీల జరిగిందే మళ్ళ జరుగుతది. ఆయన డ్రైవర్ సీట్ల ఉన్నప్పుడు మాత్రం ఇది చెయ్యొద్దు, నోటితోని చెప్పుకుంట నడిపితే ధ్యాస పోతది.

డిపో_పెద్దమనిషి

బిడ్డా, నేను ఆర్టీసీల 31 ఏండ్లు డ్రైవర్‌గ చేసి రిటైర్ అయిన. మీరంతా చదువుకున్నోళ్ళు డిగ్రీల లెక్క చెప్పిండ్రు, నేను అలవాటు సంగతి చెప్త. హన్మకొండ నుంచి పరకాల, పరకాల నుంచి భూపాలపల్లి, ఆ రోడ్డు మీద గుంత ఎక్కడుందో, ఏ మలుపు కాడ గొర్రెల మంద దిగుతదో నాకు ఇప్పటికీ నిద్రల కూడ తెలుసు. అట్ల తెలిసిన రోడ్డు మీద కండ్లు నడపవు బిడ్డా, అలవాటు నడుపుతది. మీ బాపు 30 ఏండ్లుగ పోయే రోడ్డే అది. అందుకే ఆయనకు అంతా కనవడ్తున్నట్టే ఉంటది, నిన్న ఉన్నదే ఇయ్యాల ఉన్నంతసేపు ఏం కాదు. నిన్న లేనిది ఇయ్యాల వస్తేనే కండ్ల పని.

నాకు ఆఖరి మూడేండ్లల్ల మోతిబిందు, అదే కంట్ల శుక్లం, వచ్చింది. పగటిపూట ఏం తెల్వలే, బోర్డు కూడ చదివిన. రాత్రి ఎదురుంగ లారీ లైటు వడితే ముందట తెల్లగ పొగ కమ్మినట్టయ్యేది, లారీ దాటిపోయినంక కూడ రెండు మూడు సెకన్లు ఏం కనవడకపొయ్యేది. బస్సుల 50 మంది ఉన్నరు. నేను ఎవ్వరికి చెప్పలే నెల రోజులు, నైట్ డ్యూటీ పోతదని. తర్వాత నేనే పోయి డిపోల చెప్పుకున్న, ఆపరేషన్ అయింది, మళ్ళ నడిపిన. మోతిబిందు తీసేస్తే చూపు వస్తది, నీటికాసులు పోయిన చూపు తేవని డాక్టర్లు అంటరు. మీ బాపుతోని నేను ఫోన్ల మాట్లాడుత కావాలంటే, డ్రైవర్ మాట డ్రైవర్ ఇంటడు.

హన్మకొండ_పెద్దోడు

పది రోజులైంది, అందరికి చెప్పాలని రాస్తున్న.

డ్యాష్‌క్యామ్ పెట్టిచ్చిన. మొన్న ఆదివారం ఊరికి నేను నడుపుకుంట పోయిన, బాపు పక్కన. తొలుత ముఖం ముడుచుకొని కూసున్నడు, ములుగు రోడ్డు దాటినంక మెల్లగ చెప్పుడు షురూ చేసిండు. "లారీ, ఆటో, బైకోడు హెల్మెట్ లేకుంట, ఎడ్లబండి." కుడి దిక్కు ఒక్కటి ఇడవలే, నాకన్న ముందు చెప్పిండు కొన్ని కాడ. నేను మధ్యల ఏం అనలే.

రాత్రి అన్నం తిన్నంక టీవీకి పెట్టిన. అమ్మ కూడ వచ్చి గడప కాడ కూసున్నది. మొదటి పది నిమిషాలు బాపు తన గొంతు తను ఇనుకుంట ఖుషీగనే ఉన్నడు. తర్వాత ఒక ఊర్ల బస్ స్టేజీ కాడ ఎడమ అంచున ఒక ముసలమ్మ, నెత్తి మీద గడ్డి మోపు, రోడ్డు మీదికి ఒక అడుగు పెట్టి ఆగింది. నేను హారన్ కొట్టి జరుపుకున్న. అక్కడ రికార్డింగ్‌ల బాపు ముసలమ్మ సంగతి ఎత్తనే లేదు. నిజానికి ఆ టైముల "రోడ్డు ఖాళీగ ఉంది, జర పోనియ్యరా" అన్నడు. ఆ మాట టీవీల ఇనవడ్డది, మోపు తెరకు సగం ఉంది. బాపు రిమోట్ అడిగిండు. ఎనుకకు తిప్పిండు. మూడుసార్లు చూసిండు. నాలుగోసారి టీవీ బంద్ చేసి బయట అరుగు మీద కూసున్నడు చానసేపు. నేను పోలే, అమ్మ పోయింది. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వదు.

పొద్దుగాల లేచి చూస్తే తాళాలు నా బైక్ తాళాల పక్కన మేకుకు ఉన్నయ్. ఆ స్కోర్ కాగితం మాత్రం ఇంకా డ్యాష్‌బోర్డుల ఉంది, నేను తియ్యలే, తీస్తే ఆయనే తియ్యాలె.

వేములవాడ తమ్మీ, నువ్వు చెప్పింది మర్చిపోలే. బుధవారం నేను సెలవు పెట్టి తీస్కపోత, ఇంకో రోజు పరకాల బస్సు, అక్కడి నుంచి మా చిన్నాయిన బండి. మొన్న బస్సు ఎక్కించిన నాడు ఎడమ దిక్కు మెట్టు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోమని కండక్టర్‌కు చెప్తుంటే బాపుకు కోపమొచ్చింది, అది ఇంకా సెట్ కాలే. ఎస్టర్‌మన్ టెస్ట్‌కు వచ్చే నెల అపాయింట్‌మెంట్ దొరికింది, హైదరాబాద్ పోవాలె. అక్కా, 24-2 అనే రాసుంది కాగితం మీద. పాత రిపోర్టులు మూడు ఉన్నయ్, అన్నీ పట్టుకొని పోవాల్నా, కొత్తది ఒక్కటి సరిపోతదా? డిపో పెదనాయినా, మీకు మెసేజ్ పెట్టిన, బాపు మాట్లాడుత అన్నడు, మాపటికి ఏడు తర్వాత అయితే ఇంట్లనే ఉంటడు.

కంటిపని_వరంగల్

మూడూ పట్టుకపో అన్నా, పాతవి ముఖ్యం, ఎంత స్పీడ్‌గ పోతుందో వాటితోనే తెలుస్తది. చుక్కల సీసాలు కూడ పట్టుకపో, పేర్లు నోటికి చెప్పకు.